మా రోజుల్లో అలసట వస్తే పడుకునేవాళ్లం

హైస్కూలు గ్రౌండులో తెల్లవారుజామున నాలుగు చుట్లు నడవడం నాకు రిటైరైన నాటి నుంచీ అలవాటు. ముప్పయి నాలుగేళ్లు పశ్చిమ గోదావరి బడుల్లో డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ని, పొద్దుటే ఈల వినకపోతే నాకు తెల్లవారినట్టు ఉండదు. కానిస్టేబుల్ ఉద్యోగాలకు పరుగు సాధన చేసే కుర్రాళ్లు ఆ వేళకే అక్కడికి చేరతారు. 1600 మీటర్లు, అంటే మా గ్రౌండులో నాలుగు చుట్లు.

పోయిన మాఘంలో ఒకరోజు వాళ్లలో ఒక కుర్రాడు రెండో చుట్టు సగంలో ఆగి గట్టు మీద కూలబడ్డాడు. ఇరవై ఒక్కేళ్లుంటాయి. పెదవులు ఎండిపోయాయి. మంచు కురిసే చలిలో మెడ నిండా చెమట. చేతిలో నీళ్ల సీసా మూత తిప్పబోతే వేళ్లు వణికి మూత కింద పడింది. పది నిమిషాలు కూర్చోబెట్టాక నాడి పట్టుకుని చూశాను. పావు నిమిషానికి 33 సార్లు కొట్టుకుంది. అంటే నిమిషానికి 132. కూర్చున్న మనిషికి, అందులోనూ పరుగు సాధన చేసే కుర్రాడికి, పది నిమిషాల తర్వాత ఉండవలసిన నాడి కాదది.

"ఏం తిన్నావురా?" అన్నాను.

"ఏమీ తినలేదు మాస్టారూ. ఎనర్జీ డ్రింకు తాగాను. రెండు."

రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర కాపలా కాస్తాడట. నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే రొయ్య చచ్చిపోతుంది కాబట్టి కన్ను మూయడానికి వీల్లేదు. రాత్రి రెండింటికి ఒక సీసా, గ్రౌండుకు వచ్చే ముందు ఇంకొకటి. ఇరవయ్యేసి రూపాయలు. "అది తాగితే ఎనర్జీ వస్తుంది కదా మాస్టారూ" అన్నాడు, నన్ను ఒప్పించాలన్నట్టు.

ఆ మాట దగ్గరే నాకు కడుపు మండింది. వాడి మీద కాదు, ఆ మాటను వాడికి అమ్మినవాళ్ల మీద.

ఒంట్లో ఎనర్జీ అంటే ఏమిటో చూపించిన, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఈ కుర్రాళ్లకు ఎవరూ చెప్పలేదు. హార్వర్డులో తన సహచరుడు ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో పట్టుకుని చూపించిన మనిషి ఆయన. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే ఏడాది ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. పరుగెత్తే కాలు, ఎత్తే చెయ్యి, కొట్టుకునే గుండె అన్నీ ఖర్చు పెట్టేది ఆ ఏటీపీనే. ఒంట్లో సత్తువ అంటే అది. అన్నంలోంచి, నూనెలోంచి, పప్పులోంచి, పీల్చే గాలి సాయంతో ఒళ్లు దాన్ని తయారుచేసుకుంటుంది. ఆ సీసాలో ఉండే కెఫీన్‌లో అది రవ్వంత కూడా లేదు. సీసాలో శక్తినిచ్చే పదార్థం ఏదైనా ఉందంటే చక్కెర ఒక్కటే. దానికి కొట్లో బెల్లం ముక్క చాలు.

మరి తాగగానే ఒళ్లు లేచినట్టు ఎందుకుంటుంది? పొద్దున లేచిన దగ్గర్నుంచీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. పొద్దు గడిచేకొద్దీ అది తనకోసం వేసిన పీటల మీద కూర్చుని, "ఇక చాలు, నడుం వాల్చు" అంటుంది. కెఫీన్ ఆకారంలో అడినోసిన్‌ను పోలి ఉంటుంది కాబట్టి ఆ పీటల మీద ముందే వచ్చి కూర్చుంటుంది. అడినోసిన్ ఎక్కడికీ పోదు. గుమ్మంలో నిలబడే ఉంటుంది, పైగా పెరుగుతూ ఉంటుంది. కెఫీన్ లేచి వెళ్లగానే ఆ గుంపంతా ఒక్కసారి బంతిలో కూర్చుంటుంది. మధ్యాహ్నం మూడింటికి పిల్లాడు ఉన్నట్టుండి బల్ల మీద తల వాల్చేయడం అందుకే. అప్పుడు వాడు ఇంకో సీసా కొంటాడు.

మా రోజుల్లో అలసట ఒళ్లు చెప్పే మాట. వినేవాళ్లం. ఊడ్పుల రోజుల్లో మా అమ్మ పొలం నుంచి వచ్చి వాకిట్లో చాప పరుచుకుని అరగంట పడుకునేది. ఆ అరగంటలో ఆమెను లేపడానికి మా నాన్నకు కూడా ధైర్యం లేదు. మాకు పొద్దుట చద్దన్నం, అందులో గడ్డ పెరుగో చల్లో, పక్కన ఉల్లిపాయ, మాగాయ ముక్క. వంటింటి మూల కుండలో తరవాణి ఉండేది. వేసవిలో పొలం వెళ్లేవాడు ఆ పుల్లటి నీళ్లలో ఉప్పు కలుపుకుని ముంతెడు తాగి బయల్దేరేవాడు. నీరు, ఉప్పు, పిండి పదార్థం. చెమటలో పోయే నీరూ ఉప్పూ ఆ ముంతలో ఉండేవి. తిరునాళ్లలో గోలీ సోడా తాగేవాళ్లం, రామచంద్రపురం ఆర్టోస్ డ్రింకు దొరికితే అది పెద్ద విందు. సంక్రాంతికి పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో కబడ్డీ పోటీలు జరిగితే విరామంలో మాకిచ్చేది ఉప్పద్దిన నిమ్మచెక్క. దాన్ని పళ్ల మధ్య నొక్కితే దవడలు జివ్వుమనేవి. ఆట అయ్యాక ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటే మళ్లీ కోడి కూసేదాకా తెలివి వచ్చేది కాదు.

ఆ రోజుల్లో అంతా బాగుందని నేనను. నా బడిలో ప్రార్థనలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయిన పిల్లలున్నారు. వాళ్ల జబ్బు ఆకలి. దానికి మందు అన్నమని ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరో ఒకరి ఇంటి నుంచి ముద్ద వచ్చేది. ఇవాళ కడుపు నిండిన ఇంటి పిల్లాడు నీరసం అంటే ఇచ్చేది సీసా. తేడా అక్కడుంది, నా బాధా అక్కడే ఉంది.

ఇక దడ సంగతి. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు గ్రంథులుంటాయి, అడ్రినల్ గ్రంథులంటారు. పాము కనిపించినా, ఎద్దు కొమ్ము విసిరినా అవి అడ్రినలిన్‌ను నెత్తుట్లోకి వదులుతాయి. నరాల కొసల నుంచి నార్‌అడ్రినలిన్ వస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు ఎక్కుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి పంపుతుంది, జీర్ణం నెమ్మదిస్తుంది. ఆపద నిమిషాలు దాటాక కూడా ఒళ్లు సిద్ధంగా ఉండటానికి అదే గ్రంథి పైపొర కార్టిసాల్‌ను వదులుతుంది. పాము పొదలోకి పోతే ఇవన్నీ సద్దుమణుగుతాయి. మనిషి ప్రాణం కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది, దాన్ని నేను తప్పు పట్టను. పాము లేకుండానే ఆ గంట కొట్టించే పానీయాన్ని తప్పు పడతాను. కెఫీన్ చేసేది ఆ పనే.

ఇది ఊరికే నోటి మాట కాదు. అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు 25 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్ష 2015లో జామా వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ల సగటు వయసు 29. ఒకరోజు 480 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకు, ఇంకోరోజు అదే రుచి ఉండి కెఫీన్ వంటివి లేని ఉత్తి పానీయం ఇచ్చారు. అసలు డ్రింకు తాగినప్పుడు అరగంటలో నెత్తుట్లో నార్‌అడ్రినలిన్ సుమారు 74 శాతం పెరిగింది. ఉత్తి పానీయం తాగిన రోజు పెరిగింది 31 శాతం. పై రక్తపోటు పెరుగుదల కూడా ఉత్తి పానీయంతో పోలిస్తే రెట్టింపు, 3 శాతం బదులు 6. ఆ డబ్బాలో ఉన్నది 240 మిల్లీగ్రాముల కెఫీన్. మన దగ్గర 250 మిల్లీలీటర్ల సీసాలో అందులో మూడో వంతు కూడా ఉండదు. కానీ మన పిల్లలు ఒక్క సీసాతో ఆగుతున్నారా? ఆ పరీక్షలో వాళ్లు కుర్చీలో నెమ్మదిగా కూర్చున్న పెద్దవాళ్లు. నా గ్రౌండులో వాడు రాత్రంతా మేలుకుని, ఖాళీ కడుపుతో, పరుగు మొదలుపెట్టినవాడు.

కార్టిసాల్‌కు ఒక దినచర్య ఉంది. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో అది తారస్థాయికి వెళ్లి మనిషిని మంచం మీంచి లేపి నిలబెడుతుంది. పొద్దెక్కేకొద్దీ తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. కోడికూతతో లేచి, దీపాలు పెట్టాక అన్నం తిని పడుకునే ఇంటి పద్ధతి ఆ లెక్కకు సరిగ్గా సరిపోయేది. మా అవ్వకు కార్టిసాల్ పేరు తెలియదు, కానీ "రాత్రి చదువు రాళ్ల మీద వాన" అని మా చెవులు మెలిపెట్టి తొమ్మిదింటికి పడుకోబెట్టేది. పరీక్షల రోజుల్లో నాలుగింటికి లేపి, కిరసనాయిలు దీపం ముందు కూర్చోబెట్టి, పాలగ్లాసు పక్కన పెట్టేది. చదివింది నిద్రలో బుర్రకెక్కుతుందని ఇప్పుడు శాస్త్రవేత్తలూ చెబుతున్నారు.

ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలు రాత్రి పదకొండింటికి ఆ సీసా మూత తీస్తున్నారు. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం దిగడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. పదకొండింటికి తాగింది నాలుగింటికి సగం మిగిలే ఉంటుంది. పడుకునే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నవాళ్లకు కూడా గంటకు పైగా నిద్ర తగ్గిందని 2013లో అచ్చయిన పరిశీలన ఒకటుంది. తాగినవాడికి నిద్ర తగ్గిన సంగతి సరిగ్గా తెలియదు కూడా. నిద్ర తక్కువైన మర్నాడు సాయంత్రానికి దిగవలసిన కార్టిసాల్ దిగదు. దానికి తోడు పరీక్ష భయం. భయమూ కెఫీనూ కలిస్తే కార్టిసాల్ ఒక్కొక్కదానికంటే ఎక్కువ ఎక్కుతుంది. రోజూ తాగితే ఒళ్లు అలవాటు పడదా అంటారు. కొంత పడుతుంది. రోజూ కెఫీన్ తీసుకునేవాళ్లలో కార్టిసాల్ పెరుగుదల తగ్గింది గానీ పూర్తిగా పోలేదని పరీక్షల్లో తేలింది. మధ్యాహ్నం తాగిన మోతాదుకు మళ్లీ పెరిగింది. ఏళ్ల తరబడి కార్టిసాల్ ఎక్కువగా ఉంటే చక్కెర పెరగడం, పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, రక్తపోటు, జబ్బులను తట్టుకునే శక్తి తగ్గడం వైద్యులందరికీ తెలిసిన సంగతులు. ఇంటికొకరు అన్నట్టు చక్కెర జబ్బు ఉన్న జిల్లాల్లో మనం పిల్లలకు దీన్ని అలవాటు చేస్తున్నాం.

"మీరు కాఫీ తాగరా మాస్టారూ?" అని అడిగేవాళ్లున్నారు. తాగుతాను, పొద్దుట ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. అందులోనూ కెఫీన్ ఉంది, ఒక్కోసారి ఆ సీసాకంటే ఎక్కువే. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని రాసి, పెద్దవాళ్లు రోజుకు 300 దాటొద్దన్నారు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దని కూడా చెప్పారు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టదని. కాఫీని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ కాఫీ చేదుగా ఉంటుంది, వేడిగా ఉంటుంది, ఊదుకుంటూ తాగాలి. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇస్తే మొహం తిప్పుకుంటాడు. మా ఇళ్లలో పిల్లలు కాఫీ అడిగితే పాలలో చుక్క వేసి రంగు చూపించేవాళ్లు. ఈ పానీయం చల్లగా, తియ్యగా, పండ్ల వాసనతో నాలుగు గుక్కల్లో దిగిపోతుంది. ఎంత తాగామో నాలుక చెప్పదు. ఆ తీపి చాటున దాన్ని పిల్లల దాకా తెచ్చారు.

లెక్క చూద్దాం. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వీటిని "కెఫీన్ ఉన్న పానీయాలు" అని పిలిచి, లీటరుకు 145 మిల్లీగ్రాములకు తగ్గకుండా 300 మించకుండా కెఫీన్ ఉండాలని నియమం పెట్టింది. పై హద్దు లెక్కన 250 మిల్లీలీటర్లలో 75. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల దాకా పరవాలేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. మూడో తరగతి పిల్లాడు 25 కిలోలుంటాడు. వాడికి ఒక్క సీసాతో ఆ రోజు హద్దు నిండిపోతుంది, ఇంట్లో తాగే టీ కలపకుండానే. అమెరికా పిల్లల వైద్యుల సంఘమైతే 2011లోనే పిల్లల ఆహారంలో ఈ పానీయాలకు చోటే లేదని తేల్చేసింది. లిథువేనియా 2014లో, లాత్వియా 2016లో, పోలండ్ 2024లో పద్ధెనిమిదేళ్ల లోపు వాళ్లకు అమ్మకుండా చట్టాలు తెచ్చుకున్నాయి. మన దగ్గర సీసా మీద పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, కెఫీన్ పడనివాళ్లకు తగదనీ రోజుకు 500 మిల్లీలీటర్లు దాటొద్దనీ అచ్చు వేయాలి. అచ్చు వేస్తున్నారు. ఆవగింజంత అక్షరాల్లో, సీసా వెనకాల, ఇంగ్లీషులో. అదే సీసాను బడి గేటు ఎదురుగా పిల్లల కళ్లకు అందే ఎత్తులో, చాక్లెట్ల పక్కన నిలబెడుతున్నారు.

ఆటల మాట కూడా చెప్పాలి. కెఫీన్ పరుగుకు అసలు పనికిరాదని నేనంటే అది అబద్ధమవుతుంది. బాగా నిద్రపోయి, తిండి తిని, ఏళ్ల తరబడి సాధన చేసిన ఆటగాడికి లెక్కగా ఇస్తే కొంచెం మేలు కనబడుతుంది. అందుకే ఒకప్పుడు ఒలింపిక్స్‌లో దానికి హద్దు పెట్టారు, 2004లో నిషేధాల జాబితా నుంచి తీసేశారు. ఆ ఆటగాడి వెనక డాక్టరుంటాడు, కోచ్ ఉంటాడు. మన కుర్రాడి వెనక సినిమా హీరో ప్రకటన ఉంది. నిద్ర లేని గుండెను ఆ సీసా ఇంకా తరుముతుంది, ఆగవలసిన చోట ఆగనివ్వదు. మందులో కలిపి తాగేవాళ్లదీ అదే గతి. మత్తు ఎక్కిందని తెలియక ఇంకా తాగుతారు, బండి తోలగలమనుకుంటారు. మద్యంలో కెఫీన్ కలిపి అమ్ముతున్న నాలుగు కంపెనీలను 2010లో అమెరికా ప్రభుత్వం హెచ్చరించింది. మన పెళ్లిళ్లలో ఆ కలపడం గ్లాసులోనే జరిగిపోతోంది, హెచ్చరించేవాడు లేడు.

సుబ్బారావుగారు చూపించిన సత్తువకు, ఈ సీసా తెచ్చే దడకు తేడా నాలాంటి డ్రిల్లు మాస్టారు కూడా వేలితో చెప్పగలడు. నాడి మీద మూడు వేళ్లు ఆనించి పావు నిమిషం లెక్కపెడితే చాలు. సత్తువ ఉన్న కుర్రాడికి పరుగు ఆపిన మూడు నిమిషాలకు నాడి దిగుతుంది. ఎంత త్వరగా దిగితే అంత గట్టి గుండె. ఈల వేసిన కాలమంతా నేను పిల్లల్ని అలాగే ఎంచుకున్నాను.

గట్టు మీద కూర్చున్న కుర్రాణ్ని ఆ రోజు మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఆవిడ పెరుగన్నం పెట్టింది. వరండాలో చాప వేస్తే మధ్యాహ్నం రెండింటి దాకా కదలకుండా పడుకున్నాడు. లేచాక మళ్లీ నాడి చూశాను, 68. వాడితో చెరువు యజమానిని అడిగించాను, కాపలా ఇద్దరికి వంతులు వేశారు. ఇప్పుడు రెండు రోజులకోసారి పరుగు. ముందు రాత్రి పడుకున్న రోజునే గ్రౌండుకు రమ్మన్నాను. పొద్దుట రాగి జావ తాగి వస్తున్నాడు. నాలుగు చుట్లూ పూర్తి చేస్తున్నాడు.

అమ్మానాన్నలకు, మేష్టర్లకు ఒక్క మనవి. మీ వీధి బడి ఎదురుగా కొట్టు ఉంటుంది. రేపు అటు వెళ్లినప్పుడు ఆ సీసా ఒకటి చేతిలోకి తీసుకుని వెనక చిన్న అక్షరాలు ఆసాంతం చదవండి. తర్వాత కొట్టతనికి తెలుగులో చదివి వినిపించి, బడి పిల్లలకు ఇది అమ్మొద్దని అడగండి. అతనికీ పిల్లలుంటారు.